పత్యం కోసం పగిలిన నుదురు

గర్భసంచి ఆపరేషనై, కృష్ణపట్నం దగ్గర మా అత్తగారింట్లో మంచం మీదున్నాను. సాయానికి అమ్మ వచ్చింది. బలం వస్తుందని అత్త నాకు సొరచేపను ఉడికించి, పొడిగా చిదిమి వేయించిన పుట్టు తెచ్చింది.

"పచ్చి కుట్ల మీద చేప పెడతావా? చీము పడితే ఎవురు దిక్కు?" అంటూ అమ్మ గిన్నెను గోడకేసి కొట్టింది.

"నా వంట నేలపాలు చేస్తావా!" అని అత్త అమ్మను జుట్టు పట్టి ఈడ్చింది. అమ్మ విసిరిన గరిటె అత్త నుదురు చీల్చింది. రక్తం చూసి విడదీయబోయిన నేను ఇద్దరి కిందా పడి నలిగాను. కుట్లు తెగాయి.

ఆసుపత్రిలో అత్తకూ నాకూ కుట్లు వేశారు. ఇంటికి రాగానే, ఇద్దరికీ పత్యమేనంటూ అమ్మ మిరియాల చారన్నం పెట్టింది. అత్త ఒక ముద్ద మింగి, "ఉప్పు చాల్లేదొదినా" అంది.

నవ్వు పొంగుకొచ్చింది. కుట్లు నవ్వనిస్తేగా!