నాయన నాలుగుసార్లు చూసిన కత్తి ఫైటింగ్ బొమ్మ

మా చిన్నప్పుడు... చాపాడులో మా ఇంటి ఆడవాళ్లు సినిమాకు పోవాలంటే ముందు నాయన చూసి రావాలి. చూసొచ్చి "పోవచ్చు" అంటేనే అమ్మ బండెక్కేది. లేదంటే లేదు.

ఒకసారి ప్రొద్దుటూరికి కత్తి ఫైటింగ్ బొమ్మ వచ్చింది. పెళ్లయ్యాక అమ్మకు చూడనిచ్చినవన్నీ దేవుళ్ల బొమ్మలే పాపం... ఇది ఎలాగైనా చూడాలని పెట్టెలోంచి నీలం చీర తీసి, దండెం మీద వేసి మరీ ఎదురుచూసింది.

నాయన మ్యాట్నీకి పోయొచ్చాడు. మీసం దువ్వుకుంటూ తీర్పు చెప్పాడు.

"ఆడోళ్లు చూసే బొమ్మ గాదు. శానా నెత్తురు."

మరుసటి వారం మళ్లీ పోయాడు. "ఇంగోసారి చూస్తే గాని తేలదు" అన్నాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చూసినా తేలలేదు మహానుభావుడికి! వచ్చిన ప్రతిసారీ అమ్మ చేతిలోని సంగటి తెడ్డు లాక్కుని వసారాలో అటూ ఇటూ దూకేవాడు. హీరో కోటగోడ ఎక్కాడట... ఒక్కడే నలభై మందిని నరికాడట... పొయ్యి మీద సంగటేమో ఉండలు కట్టేది.

ఇంతలో బొమ్మ ఎత్తేశారు. నీలం చీర మళ్లీ పెట్టెలోకి పోయింది. నాకు ఏడుపొచ్చింది, అమ్మకు రాలేదు.

కొన్నాళ్లకు అదే బొమ్మ పులివెందుల టూరింగ్ టాకీసులో పడింది. "మా అన్నను చూసొస్తా" అని అమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. అబద్ధమేమీ కాదు... టాకీసుకు తీసుకుపోయింది ఆ మామే.

అబ్బ, ఏం సినిమా అది! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. హీరో చెయ్యి ఆనిస్తే కోటగోడ గుడ్డలా ఊగింది. నలభై మందీ లేరు, ఎనిమిది మందే... చచ్చినవాళ్లే లేచొచ్చి మళ్లీ చచ్చారు. గుర్రం ఎంత పరుగెత్తినా వెనక అదే తాటిచెట్టు. విలన్ ఒక నవ్వు ముగించేలోపు మనం అన్నం తిని చెయ్యి కడుక్కోవచ్చు. నెత్తురా? ఒక్క చుక్క లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. హీరో బావిలోకి దూకాడు చూడండి... నిజం బావి, నిజం మనిషి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అది తీసేస్తే మిగిలిందంతా పొల్లే.

ఇంటికొచ్చాక నాయన అడిగాడు.

"మీ అన్న బాగుండాడా?"

"బాగుండాడు. ఆ బొమ్మ గూడా చూసొచ్చినాం."

నాయన ముఖం మాడిపోయింది. అయినా ఉండబట్టలేక మళ్లీ అడిగాడు.

"ఎట్లుంది?"

అమ్మ తెడ్డు కడిగి మూలన పెట్టింది.

"మగోళ్లు చూసే బొమ్మ గాదు. ఇంగ పోవద్దు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ ముందు చూసి రాలేదు... ఇద్దరూ కలిసే పోయేవాళ్లు.

ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లం చూసుకుంటున్నాం. ఎవరినీ అడగక్కర్లేదు, చూశాక ఎవరికీ చెప్పేదీ లేదు... మీ ఇంట్లో ఏ బొమ్మకు ఎవరు అడ్డం పడ్డారో రాయండి, చదువుకుంటాను. అంత చెత్త బొమ్మనూ అంత గొప్పగా ఆడి చూపించిన మా నాయన తెడ్డు ఫైటింగు మాత్రం ఇక ఏ టాకీసులోనూ ఆడదు.