తల కింద ఖాళీ

"పెట్టె దొరికిందే?"

ప్రతి ఆదివారం ఫోనులో పిన్ని అడిగే మొదటి మాట ఇదే. పాప ఎలా ఉందన్నది ఆ తర్వాత.

"ఇంకా లేదు పిన్నీ."

"నీకు మొగుడు కూడా ఇంతకంటే తొందరగానే దొరికాడు కదే."

పిన్ని ఒకప్పుడు నాటకాల బృందంలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేది. ఆ గిటారు పొడవు మొత్తం ముప్ఫై నాలుగు అంగుళాలే. చిన్న చేతులవాళ్ళ కోసం ఎప్పుడో చేసి, తర్వాత చేయడం మానేసిన రకం. దాని ఎరుపు ఇటుక రంగుకి దిగింది. తీగల పక్కన పిన్ని గాజులు గీసిన సన్నని గీతలు ఇంకా ఉన్నాయి. కీళ్ళు బిగుసుకుపోయాక దాన్ని తెచ్చి అక్క కూతురి ఒళ్ళో పెట్టింది. "నా వేళ్ళ పని అయిపోయింది. దీనికి నీ చేతులే సరి. గోడకి మాత్రం తగిలించకు" అంది.

ఆ అక్క కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సూదులు, గొట్టాలు, పేర్ల చీటీలు. ఒక చీటీ తారుమారైతే ఎవరి బతుకు తారుమారవుతుందో అన్న భయం ఉద్యోగంతో పాటే వచ్చింది. పాప పుట్టాక ఆ భయం ఇంటికీ వచ్చి కూర్చుంది. బల్లల మూలలకి స్పాంజీ అతికించింది. ఎక్కడ సందు కనిపించినా గుడ్డ కుక్కేది.

రెండేళ్ళ విరామం తర్వాత తన పాత సంగీత బృందం వాళ్ళు మళ్ళీ రమ్మన్నారు. శనివారం సాయంత్రం రెండు గంటల సాధన. వారమంతా ఆమె తనది అనుకోగలిగినవి ఆ రెండు గంటలే. కానీ ముగ్గురూ ఎక్కే స్కూటరు మీద, గుంతల దారిలో, గుడ్డసంచిలో ఆ గిటారుని తీసుకెళ్ళడానికి ఆమెకి చేతులు రాలేదు.

కొట్లన్నీ తిరిగింది. పెద్ద గిటార్ల పెట్టెలో అది గిన్నెలో గోలీలా దొర్లింది. పిల్లల గిటార్ల పెట్టెలో నడుము పట్టలేదు. ఒకాయన వయొలిన్ పెట్టె తెచ్చి, "మెడ కొంచెం బయటికుంటుంది, అంతేగా మేడమ్" అన్నాడు.

"పాప చెప్పులకి కూడా ఇన్ని కొట్లు తిరగలేదు మనం" అన్నాడు భర్త. "పెట్టె దొరికేలోపు పాప కాలేజీకి వెళ్ళేలా ఉంది."

చివరికి సంత వెనక సందులో, డప్పులకీ కెమెరాలకీ పెట్టెలు చేసే ముసలాయన ఉన్నాడని తెలిసింది. పెట్టెల తాత అంటారు. గిటారుని మూడుసార్లు కొలిచి, సగటు తీసి, మిల్లీమీటర్లలో రాసుకెళ్ళిన చీటీ ఆయనకిచ్చింది.

"ఇదేంటమ్మా, మందుల చీటీనా?" అని పక్కన పెట్టాడు. గిటారుని అట్టకాగితం మీద పడుకోబెట్టి, చుట్టూ పెన్సిలు తిప్పాడు.

పన్నెండు రోజులకి పెట్టె తయారైంది. లోపల ఆకుపచ్చ మెత్తటి గుడ్డ. గిటారుని దించుతుంటే అడుగున గాలి నెమ్మదిగా పక్కలకి జారిన చప్పుడైంది. అంత సరిగ్గా కుదిరింది. తీగలు బిగించే మరలుండే తల దగ్గర మాత్రం ఏమీ ఆనలేదు.

"ఇక్కడ ఖాళీ వదిలేశారేంటి తాతగారూ?"

"వదిలేసింది కాదు తల్లీ, ఉంచింది. బరువు ఒళ్ళూ మెడా మోస్తాయి. తలకి ఏదీ తగలకూడదు. పెట్టె పడ్డా అది గాల్లో అదిరి ఊరుకుంటుంది."

ఆమె తలూపింది. చదువుకున్న మనిషి, అర్థమైంది కూడా.

కానీ శుక్రవారం సాయంత్రం మూత తీసి చూస్తే ఆ తల గాల్లో వేలాడుతున్నట్టే ఉంది. పాపకి మెడ నిలవని రోజుల్లో, తల కింద చెయ్యి పెట్టకుండా ఎవరినీ ఎత్తుకోనిచ్చేది కాదు. పాపని చుట్టిన పాత మెత్తటి గుడ్డ తెచ్చి, నాలుగు మడతలేసి గిటారు తల కింద సర్దింది. మూత పడడానికి కాస్త నొక్కాల్సివచ్చింది. అలా బిగుతుగా పడ్డాకే ఆమెకి మనసు కుదుటపడింది.

శనివారం, సాధన జరిగే ఇంటి ముందు, పాపని దించడానికి భర్త పెట్టెని స్కూటరుకి ఆనించి నిలబెట్టాడు. అది వెల్లకిలా పడింది. మోకాలి ఎత్తు కూడా లేదు. పెట్టెకి గీత పడలేదు.

పైకెళ్ళి మూత తీసింది. తీగలు వదులుగా పడున్నాయి. తలా మెడా కలిసే సన్నని చోట కర్ర చిట్లిపోయి ఉంది. తల ఆ తీగల్నే పట్టుకుని గుడ్డ మీద పక్కకి వాలి ఉంది.

పెట్టె పడ్డప్పుడు ఒళ్ళు ఆ అదురుకి కిందికి దిగింది. తల దిగడానికి మాత్రం ఆ గుడ్డ చోటివ్వలేదు. పదో తరగతి పిల్లలు బొమ్మ గీసి చెప్పగల సంగతి.

"నాదే తప్పు" అన్నాడు భర్త. మొహం పాలిపోయింది. "సరిగ్గా ఆనించలేదు."

ఆమె గుడ్డ తీసి సంచిలో వేసుకుంది. కాదని చెప్పలేదు. ఆ రోజే కాదు, తర్వాతా చెప్పలేదు.

పెట్టెల తాత దగ్గరికి వెళ్ళే మొహం లేక, గిటార్లు బాగుచేసేవాడికి చూపించింది. అతను చిట్లిన చోట వేలు పెట్టి చూశాడు. "పాత కర్ర కదండీ, పొడిపొడి అయిపోయింది. అతికిస్తాను, చూడ్డానికి తేడా తెలీదు. తీగలు బిగిస్తే మాత్రం ఆగదు. గోడకి తగిలించుకోండి, అందంగా ఉంటుంది."

ఆ ఆదివారం పిన్ని ఫోను చేస్తే ఆమె ఎత్తలేదు. పై ఆదివారం ఎత్తక తప్పలేదు.

"పెట్టె దొరికిందే?"

"దొరికింది పిన్నీ. పోతపోసినట్టు సరిపోయింది."

"హమ్మయ్య" అంది పిన్ని. "ఇంక నాకు దిగుల్లేదు. ఏదీ, ఫోను దగ్గర పెట్టి ఒక్క తీగ మీటు. విని పెట్టేస్తా."

"పాప నిద్రపోతోంది పిన్నీ."

పాపేమో మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆ పెట్టె మూత మీద రెండు అరచేతులతో దరువేస్తోంది.

"మరి ఆ చప్పుడెవరు చేస్తున్నారే?" అంది పిన్ని.