మా ఆయన పేజీకి బోణీ

ఆయన పోయిన మూడో రోజుకే మా అత్తగారింట్లో ఆయన్ని మార్చడం మొదలుపెట్టారు. పరామర్శకు వచ్చినవాళ్లతో మా పెద్దత్త, అంటే మా మామగారి అన్న భార్య, "అంగడంటే పానమిచ్చేటోడు మా పిల్లోడు. గుడ్డ కొలిస్తే వేలెడు తక్కువ కానిచ్చేటోడు కాదు" అని చెప్పింది. ప్రొద్దుటూరులో ఉన్న ఆ బట్టల అంగడిని ఆయన వదిలేసి అప్పటికి చాలా ఏళ్లయింది. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా చేరి, గల్లాపెట్టె ముందు కూర్చునే పీడ వదిలిందని నాతో చెప్పిన మనిషి ఆయన. వచ్చినవాళ్లు తలలూపారు. నేను మూలన కూర్చుని విన్నాను. చనిపోయినవాడు ఎదురు చెప్పడు. ఆ ధైర్యంతోనే అందరూ మాట్లాడుతున్నారు.

ఆ కోపంతోనే బ్లాగు మొదలుపెట్టాను. తెలుగులో బ్లాగులు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. కంప్యూటరు ఆయన కొన్నదే. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడేలా చేయడం కూడా ఆయన నేర్పిందే. నేను ఎర్రగుంట్లలోనే బడిపంతులమ్మగా పనిచేసేదాన్ని. ఆదివారం పూట ఒక పేజీ రాసేదాన్ని. పెద్ద విషయాలేమీ కావు. దినపత్రిక చదివే ముందు దానిమీది సిమెంటు దుమ్ము ఎలా ఊదేవాడో, ఉగ్గాని తింటూ పచ్చిమిరపకాయలన్నీ ఏరి నా పళ్లెంలో ఎలా వేసేవాడో, అవి. ఆయనకు లేని గుణం ఒక్కటి కూడా రాయలేదు. ఉన్న దుర్గుణాలు దాచలేదు. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి, కువైట్ నుంచి ఎవరో కొందరు చదివి రెండేసి మాటలు రాసి పోయేవారు. లోకంలో ఆయన ఉన్నది ఉన్నట్టుగా మిగిలిన చోటు అదొక్కటే. నాకు అంతే కావలసింది.

మా మరిదికి ఆ సంగతి ఎవరు చెప్పారో తెలియదు. అంగడి ఇప్పుడు అతనే చూసుకుంటాడు. ఒక ఆదివారం బండి మీద వచ్చి, కాఫీ తాగుతూ, కంప్యూటరు వైపు చూసి, "మా అన్న మీద ఏందో రాస్తాండావంట గదా, చూపీ వదినా" అన్నాడు. చూపించాను. రాత మీద అతని కన్ను పడలేదు. పేజీ అడుగున, ఎంతమంది వచ్చారో చెప్పే అంకె ఉండేది. దాని దగ్గర ఆగాడు.

"ఇంత మంది వస్తాండారా?"

"వస్తారు."

"ఊరకే పోతాండారా?"

"చదివి పోతారు."

"చదివి పోవడమంటే ఊరకే పోవడమే గదా వదినా. మన అంగడి ముందర అరుగు ఉండాదా, దాన్ని పూలమ్మేయామెకు ఇచ్చినాము. ఆయమ్మ మనకు అడ్డమా? మన గిరాకీ మనకే, ఆయమ్మ పూలు ఆయమ్మవి. దీనికీ అరుగు ఉండాది, చూడు." పేజీ కుడిపక్క ఖాళీని వేలితో చూపించాడు.

అది అరుగు కాదని చెప్పాను. అతను వినే మనిషి కాదు. వారం వారం వచ్చాడు. ఎవరో చెప్పగా అన్నీ తెలుసుకుని వచ్చాడు. ప్రకటనలు ఇచ్చే కంపెనీ అమెరికాలో ఉంది. బొమ్మలుండవు, మెరుపులుండవు, చిన్న అక్షరాలు మాత్రమే. చదివేవాళ్లకు అడ్డం రాదు. ఎవరైనా దాని మీద నొక్కితే మనకు కొంత వస్తుంది. ఇంటర్నెట్ బిల్లు అదే కట్టుకుంటుంది.

"అడ్డం రాకపోతే ఎవరు చూస్తారు? ఎవరూ చూడకపోతే నీకు డబ్బెవరు ఇస్తారు?" అని అడిగాను.

"నీతో మాట్లాడలేము తల్లీ. మా అన్న ఎట్ల మాట్లాడినాడో ఏమో."

చివరికి ఒప్పుకున్నాను. ఫోను లైను మీద నడిచే ఇంటర్నెట్‌కు బిల్లు బాగానే వచ్చేది, అది నిజం. ఒప్పుకోకపోతే ప్రతి ఆదివారం అతన్ని భరించాలి, అది అంతకంటే నిజం.

మొదట ఏమీ రాలేదు. ఆ యంత్రానికి తెలుగు తెలియదు. నా పేజీ చూసి ఏమీ అర్థం కాక, ఎక్కడో ఆఫ్రికాలో బావులు తవ్వించమని విజ్ఞప్తులు పెట్టింది. వాటి మీద నొక్కితే పైసా రాదట. మరిది దానికీ మందు కనుక్కున్నాడు. పేజీ పైభాగంలో, ఆయన పేరు కింద, ఇంగ్లీషులో నాలుగు మాటలు పెట్టించాడు. భర్త, కుటుంబం, జీవితం, ప్రొద్దుటూరు. ఆ నాలుగు మాటలు చూసి యంత్రానికి తెలివి వచ్చింది. భర్త అన్న మాటకు పెళ్లి సంబంధాలు తెచ్చింది. జీవితం అన్న మాటకు జీవితబీమా, ప్రొద్దుటూరు అన్న మాటకు హోటళ్లు తెచ్చింది. ఆయన పోయిన రోజు గురించి నేను రాసిన పేజీ పక్కన, తగిన తెలుగు వరుడి కోసం ఇక్కడ చూడండి అని ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో, ఎవరికీ అడ్డం రాకుండా ఉంది.

తీసేస్తానని మరిదికి ఫోను చేశాను.

"తీయొద్దు వదినా, బోణీ కానీ. శుక్రవారం పొద్దున ప్రొద్దుటూరుకు రా. మాట్లాడదాం" అన్నాడు.

మా అత్తగారి వైపు వ్యాపారస్థులలో ఒక పద్ధతి ఉంది. బంధువుల్లో ఎవరైనా కొత్తగా అంగడి తెరిస్తే మిగిలినవాళ్లందరూ ఆ రోజు పొద్దున్నే వెళ్లాలి. అవసరం ఉన్నా లేకపోయినా తలా ఒకటి కొనాలి. వట్టి చేతులతో తిరిగి వస్తే ఆ అంగడికి కీడు. మా పెళ్లయిన కొత్తలో ఎవరి స్టీలు సామాన్ల అంగడికో వెళ్లి, ఇంట్లో ఉన్నవి చాలవన్నట్టు ఇంకో రెండు చెంబులు మోసుకొచ్చాం. వద్దంటే ఒప్పుకోరు. వాళ్లకది డబ్బు సంగతి కాదు, మర్యాద.

నేను బస్సు దిగి మరిది చెప్పిన ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లేసరికి మెట్ల మీద చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపల మా బంధువులు. తలుపు పక్కన ఉన్న మూడు కంప్యూటర్లకూ పసుపు కుంకుమ పెట్టారు. వాటి ముందు అగరొత్తులు. సెంటరు యజమాని కీబోర్డు మీద బూడిద పడుతుందేమో అని చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మూడు తెరల మీదా నా పేజీ. ఆయన అంగడి వదిలేసిన రోజు గురించి నేను కిందటి ఆదివారమే రాసినది.

నాకు వెనక ఒక స్టూలు చూపించారు. బోణీ నా చేతితో జరగకూడదు కదా. మా తోడికోడలు, అంటే మరిది భార్య, ముందుకు వచ్చి కూర్చుంది. పట్టుచీర కట్టుకుని వచ్చింది. నన్ను చూసి తలదించుకుంది. నా భర్త గురించి నేను రాసిన పేజీకి ముత్తయిదువ చేత మొదలుపెట్టించారు.

"యాడ నొక్కాలబ్బా?" అంది.

"ఆ పక్కన సన్నక్షరాలు ఉండాయి చూడు, ఆడ" అన్నాడు మరిది.

నొక్కింది. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత వరసగా వచ్చారు. మరిది వెనక నిలబడి అంగట్లో తానులు చూపించినట్టు చూపించాడు. "ఇది బీమాది, ఇది హోటలుది. నీకేది కావల్ల చిన్నాయనా?" చినమామ, మామగారి తమ్ముడు, బీమా వద్దన్నాడు. "పొద్దున్నే చావు మాటెందుకప్పా, హోటలు నొక్కుతా." ఒకసారి నొక్కి లేవబోతే వెనక నుంచి ఎవరో, "ఒకటేనా? చేతులు రాలేదా? రెండు నొక్కు" అన్నారు. మళ్లీ కూర్చుని నొక్కాడు.

పెద్దత్త వంతు వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. నొక్కాక తెర నిండా దండలు వేసుకున్న జంటల బొమ్మలు వచ్చాయి. వెనక్కి తిరిగి నావైపు చూసింది.

"ఏం మే, పెండ్లి సంబంధాలు పెట్టినావే! ఎవురికి చూస్తాండావు?"

అందరూ నవ్వారు. కొందరు నవ్వాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"మీకే అత్తా" అన్నాను.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. పెద్దత్త కూడా నవ్వింది. అది నాకు ఇంకా మంటగా ఉండింది.

"ఇంతకూ నేనేం కొన్నట్టురా ఇప్పుడు?" అని మరిదిని అడిగింది.

"ఏమీ కొన్లేదు పెద్దమ్మా. చూసినావు, అంతే. చూస్తే చాలు, వాళ్లు దుడ్డిస్తారు."

"చూస్తే దుడ్డిచ్చే అంగడి యాడుండాదిరా నాయినా! మన అంగట్లో అందురూ చూసి పోయేటోళ్లే గదా. ఈపాటికి మేడలు కట్టాల్సింది మనం."

అలా చాలాసేపు సాగింది. ఒక్కరు కూడా ఒక్క వాక్యం చదవలేదు. తెర మధ్యలో ఆయన ఉన్నాడు. అందరూ అంచులు చూశారు. వచ్చినవాళ్లకు మరిది వక్కాకు ఇచ్చి పంపాడు. నేను ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కాను.

వారం తిరగకముందే కంపెనీ నుంచి ఇంగ్లీషులో మెయిలు వచ్చింది. మర్యాదగా ఉంది. ప్రకటనల మీద పడిన నొక్కులు నిజమైన పాఠకులవి కావని మా యంత్రాలు గుర్తించాయి, మీ ఖాతా మూసివేశాం, ఏమీ చెల్లించబడదు అని సారాంశం. నేను ఆ మెయిలును రెండుసార్లు చదివాను. నా కోపాన్ని అంత శుభ్రంగా నేను కూడా రాయలేకపోయాను. వాళ్లు నిజమైన పాఠకులు కారు. అమెరికాలో ఒక యంత్రానికి తెలిసింది.

మరిదికి ఫోనులో చదివి వినిపించాను. సంతోషం దాచుకోలేదు.

"మనోళ్లు మన అంగట్లో బోణీ చేస్తే తప్పంట! యాడన్నా ఉండాదా ఇది? వాళ్లు అంగళ్లు పెట్టుకుంటే వాళ్ల చుట్టాలు రారా?"

"వాళ్లది అంగడి. నాది కాదు."

"అమ్మ పేరు మీద ఇంకో ఖాతా తీద్దాం."

"ఇక నా పేజీ జోలికి రావద్దు" అని పెట్టేశాను. ఆ రోజే ప్రకటనలు తీసేశాను. ఆయన పేరు కింద ఉన్న నాలుగు ఇంగ్లీషు మాటలూ తీసేశాను. ఇంటర్నెట్ బిల్లు నేనే కట్టుకున్నాను. ఆ మనుషులతో ఇక అయిపోయింది అనుకున్నాను.

అయిపోలేదు. నెల దాటాక మరిది మళ్లీ వచ్చాడు. ఆదివారం కాదు, మామూలు రోజు, నేను బడి నుంచి వచ్చే వేళకు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. కాఫీ వద్దన్నాడు.

"ఒక మాట చెప్పి పోతా వదినా. మా అన్న అంగడి ఇడిసిపెట్టిన పొద్దు గురించి రాసినావే, అది తప్పు."

ఏమన్నాడో ముందు అర్థం కాలేదు.

"నువ్వు చదివావా?"

"బోణీ పొద్దు, అందురూ పోయినాక ఆడనే కూచున్నా. మొదటి నుంచీ చదివినా. నాకు బిరబిరా చదవనీకి రాదు గదా, ఇంకా నాలుగు సార్లు పోయినా ఆ సెంటరుకు. తక్కినవన్నీ బాగుండాయి. మిరపకాయలది చదివి నవ్వుకున్నా. ఇదొక్కటి తప్పు. నవ్వుతా పోయినాడని రాసినావు. గజంకట్టె గల్లా మీద పడేసి, ఈల ఏసుకుంటా మెట్లు దిగినాడని."

"ఆయనే చెప్పాడు నాతో. ఒకసారి కాదు."

"చెప్పింటాడు. ఆ పొద్దు గోడౌన్లో తానుల ఎనక కూచోని ఏడ్చినాడు. గజంకట్టె చేతిలోనే ఉండాది. నేను చూసినా. నువ్వు అప్పటికి మా ఇంట్లోకే రాలేదు."

"నీకు అలా కావాలి. ఆయన అంగడి కోసం ఏడ్చాడంటేనే మీ అందరికీ బాగుంటుంది."

"నాకెందుకు కావల్ల? చూసింది చెప్తాండా. మార్చు."

"మార్చను. అది నా పేజీ."

"పేజీ నీది. మా అన్న?"

నాకు చాలా కోపంగా ఉండింది. వాళ్లెవరూ చదవలేదని ఒక కోపం. ఇతను చదివాడని అంతకంటే పెద్ద కోపం. పెద్దత్త అబద్ధాన్ని నేను ఒక్క మాటతో తోసేయగలను, ఆమెకే అది నిజమో కాదో పట్టదు. ఇతను అబద్ధం చెప్పే ముఖంతో రాలేదు. గుమ్మంలో నిలబడి, బండి తాళం రెండు చేతుల మధ్య తిప్పుతూ, నేను మారుస్తానని చెబుతానేమో అని చూశాడు. తర్వాత చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ పేజీ మళ్లీ తెరిచి చదివాను. నేను విన్నది విన్నట్టే రాశాను. ఒక్క మాట తప్పు లేదు. ఆయన ఈల గురించి చెప్పేటప్పుడు నిజంగానే ఈల వేసి చూపించేవాడు. గోడౌన్ మాట నాతో ఎప్పుడూ అనలేదు. అనకపోతే జరగలేదని ఎలా అనుకోను? జరిగితే నాతో ఎందుకు అనలేదు? మరిది మీద రావలసిన కోపం ఆయన మీదికి మళ్లింది. ఆయన పోయిన రెండేళ్లలో అదే మొదటిసారి.

మార్చలేదు. ఇప్పటికీ అక్కడ ఆయన నవ్వుతూనే మెట్లు దిగుతాడు. మరిది మళ్లీ ఎప్పుడూ అడగలేదు. శుభకార్యాల్లో కనిపిస్తే బాగున్నావా వదినా అంటాడు, బాగున్నానంటాను. ఆ మాట మా ఇద్దరి మధ్య అలాగే ఉంది. తేల్చడానికి ఆయన లేడు. ఉన్నా మా ఇద్దరికీ చెరొక రకంగా చెప్పేవాడు.