ఆటో అంకుల్ పెదవిపై వేలు

గోపన్‌పల్లి నుంచి బడికి ఆటోలో వెళ్తూ, గూఢచారి పిల్లల బడి కథ ఉన్న నవలను నేను పైకి చదివేదాన్ని. ఆటో అంకుల్ వింటూ, కథ ఉత్కంఠగా ఉన్నచోట బండి నెమ్మదిగా నడిపేవాడు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఏ రోడ్డు బంద్ అవుతుందో ఆయనకు ముందే తెలిసేది! ఎలాగని అడిగితే పెదవిపై వేలు పెట్టుకునేవాడు. ఈయన గూఢచారేనని ఆటోలోని పిల్లలమంతా తేల్చేశాం.

నవలలోని గూఢచారి పిల్ల శత్రువులకు చిక్కిన ఘట్టం చదివిన మర్నాడు ఆయన రాలేదు. నాన్న బైకు మీద వెళ్తుంటే హైటెక్ సిటీ దగ్గర నడిరోడ్డుపై ఉద్యమకారుల వంటావార్పు. పొయ్యి దగ్గర గరిటెతో ఆటో అంకుల్! నన్ను చూసి పెదవిపై వేలు పెట్టాడు. వెంటనే నవ్వేశాడు.

"ఇగ యాడికీ పోలేరు, రోడ్డు మేమే బంద్ చేసినం. చదువు బిడ్డా, ఆ పిల్ల తప్పించుకున్నదా?"