చనిపోయినవాడి ఎత్తు

స్టీల్ ప్లాంటులో మార్నింగ్ షిఫ్టు దిగి కూర్మన్నపాలెం క్వార్టర్సుకు చేరగానే దేవీప్రసాద్ బల్ల మీద చదరంగం పరుస్తాడు. వందేళ్ల కిందటి ఆటల పుస్తకం ఒకటి తెరిచి, ఒక్కో ఎత్తూ వేసి, ఫోన్‌లో ఎత్తులు లెక్కగట్టే చెస్ ఇంజిన్ కూడా అదే చెబుతుందా అని చూస్తాడు. చెబితే మీసం దువ్వుకుంటాడు. తప్పంటే, తన గురువునెవరో తిట్టినట్టు మొహం చిన్నబుచ్చుకుంటాడు. ఆటంతా ఆ పుస్తకంలోంచే నేర్చుకున్నాడు మరి.

మొన్న అతనికి ప్రాణమైన ఆట వంతు వచ్చింది. అందులో పాతకాలపు ఆటగాడు మంత్రిని బలిచ్చి గెలిచాడు. ఇంజిన్ అది తప్పంది. పక్కింటి ఎల్లారావు ఎదురు కుర్చీలో కూలబడి నవ్వాడు.

"ఎప్పుడో సచ్చిపోయినోడి తప్పుకి నువ్వేడుత్తన్నావేటి బావా?"

"తప్పు కాదు. దాన్నింకా ఆలోసించనీ."

ఫోను వేడెక్కింది. ఇంజిన్ మాట మార్చుకుంటూ, మార్చుకుంటూ, చివరికి మంత్రిని బలివ్వమనే చెప్పి అక్కడే ఆగిపోయింది. దేవీప్రసాద్ మొహం వెలిగింది. కానీ అతను చూస్తున్నది ఫోన్‌ని కాదు, ఎల్లారావు భుజం వెనక్కి.

"కొంచెం లెగు బావా," అన్నాడు మెల్లగా. "ఆ ఎత్తేసినాయన కూకుంటాడు."

నవ్వబోయిన ఎల్లారావు, ఎందుకో తనకే తెలీకుండా లేచి, భుజం మీది తువ్వాలుతో కుర్చీ దులిపాడు.