పొద్దు పొడవక ముందు తారీకు

మా పక్క వాటా అమ్మాయి పైలట్ పరీక్షకు చదువుతోంది. నిన్న వరండాలో తిరుగుతూ "ఐదున్నర తీసెయ్యాలి, ఐదున్నర తీసెయ్యాలి" అని వల్లిస్తుంటే కాఫీ తాగడం మరిచి వింటూ ఉండిపోయాను. అరవైల చివర్లో, నరసన్నపేట దగ్గర మా అమ్మమ్మగారి డాబా మీద విన్న మాటే అది.

అప్పుడు వల్లించింది మా చిన్న మావయ్య. వరి పండించుకునే ఇంట్లో కుర్రాడు విమానం నడపడం నేర్చుకుంటున్నాడంటే ఊరందరికీ వేడుకే, ఒక్క తాతయ్యకు తప్ప. మావయ్య గాల్లో బాగానే నడిపేవాడట. రాతపరీక్షలో, కాగితం మీదే రెండుసార్లు కూలిపోయాడు. పైలట్లు ఏ దేశం మీద ఎగురుతున్నా ఇంగ్లండులోని గ్రీనిచ్ టైములోనే రాసుకోవాలి, లేకపోతే ఎవరి గడియారం వాళ్ళదైపోయి ఆకాశమంతా గందరగోళం. మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేస్తే అది వస్తుంది. ఈసారీ తప్పితే నాట్లకు పొలాన్ని బురద చేసే దమ్ములోకి దిగాల్సిందేనని తాతయ్య తేల్చి చెప్పేశాడు. పరీక్ష నాలుగు రోజులుందనగా మావయ్యకు అన్నం సయించలేదు. చూస్తే నాకే ఏడుపొచ్చేది.

"ఏట్రా ఆ సణుగుడు?" అంది అమ్మమ్మ, వడియాలు ఎండబెడుతూ.

"గంటలు సరిగ్గానే తీస్తన్నానే అమ్మా, తారీకు కాడే తప్పిపోతన్నాను. పదో తారీకు తెల్లారగట్ల నాలుక్కి బయల్దేరితే, గ్రీనిచ్‌లో ఇంకా తొమ్మిదో తారీకు రాత్రి పదిన్నరేనట. నేను పదే రాసేస్తన్నాను."

చదువురాని అమ్మమ్మ వడియాల మీంచి తలెత్తింది. "నువ్వు మంగళారం కోడి కూసే యేళకి పుట్టినావు. నీ జాతకంలో పంతులు ఏ వారం రాసినాడో సెప్పు సూద్దాం? సోమారం. పొద్దు పొడవకుండా దినం ఎలా మారిపోతాదిరా?"

మావయ్య వేళ్ళ మీద గబగబా లెక్క వేసుకున్నాడు. మన తెల్లవారుజాము ఐదున్నరకు అక్కడ సరిగ్గా అర్ధరాత్రి. వాళ్ళకు తారీకు మారేది అప్పుడే. అంతకుముందు బయల్దేరిన విమానం, మావయ్య పుట్టుకలాగే, నిన్నటిది. అప్పట్నించి లెక్క వేసే ముందల్లా "పొద్దు పొడిసినాదా?" అని తనను తానే ప్రశ్నించుకునేవాడు. పరీక్ష గట్టెక్కాడు. టెలిగ్రాం చదివించుకుని, తాతయ్య దమ్ముకు వేరే మనిషిని కుదుర్చుకున్నాడు.

అమ్మమ్మ ఏనాడూ విమానం ఎక్కలేదు. ఇప్పుడు ఆవిడా లేదు, మావయ్యా లేడు. వయసు మీదపడ్డాక నాకు నాలుగింటికే మెలకువ వచ్చేస్తోంది. వెంటనే లేవను. ఐదున్నర దాకా ఇంకా నిన్నే కదా. ఆ గంటన్నరా వాళ్ళిద్దరూ ఉన్నట్టే ఉంటుంది.