ఎనిమిది బోల్టుకి పన్నెండు కన్నమా!

మొన్న శనివారం మా ఇంట్లో పాస్టర్ గారు నా భక్తిని తెగ మెచ్చుకున్నారండీ. ఎందుకో తెలిస్తే టీ కప్పు కింద పెట్టేస్తారు!

సాయంత్రం ఐదింటికి ప్రార్థన కూటానికి ఇరవై మంది వస్తారు. హాల్లో ఒకటే ఉక్క. గోడకి ఫ్యాను బిగించాలి. ఎలక్ట్రీషియన్ ఫోనెత్తడు. నేనే బిగిస్తానన్నాను. కొత్తపేటలో ఇన్నేళ్లుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను, ఓ కన్నం పెట్టలేనా!

"ఏవండీ, ఆ డ్రిల్లు ఎప్పుడైనా పట్టుకున్నారా?" అంది మా ఆవిడ సుజాత. వినపడనట్టు డ్రిల్లు డబ్బా తెరిచాను.

అందులో కన్నం పెట్టే బిట్లన్నీ మెలికలే, అన్నీ ఒకేలా! మొన బాగా ఉన్నది చూసి బిగించి నొక్కాను. కీచుమని అరుపు, కాలిన వాసన. గోడకి ఏమీ కాలేదు. బిట్టు మాత్రం నల్లగా మాడిపోయింది.

హార్డ్‌వేర్ షాపుకి పరిగెత్తాను. యజమాని సత్తిబాబు గారు దాన్ని తిప్పి చూసేరు.

"ఇది చెక్కకండి మాస్టారూ. ఇనుముకి వేరే, టైల్సుకి వేరే. కాంక్రీటుకి ఇదిగోండి, చివర చిన్న పలక అతికించి ఉంటాది. బోల్టెంత?"

"ఎనిమిది ఎమ్మెమ్."

"అయితే పన్నెండు బిట్టు పట్టుకెళ్లండి."

"ఎనిమిది బోల్టుకి పన్నెండు కన్నమా? వదులైపోదూ?"

"బోల్టు మీద గొట్టం ఉంటాదండి..."

"నేను ఫిజిక్స్ లెక్చరర్నండి!"

"ఆయ్," అనేసి ఎనిమిదే ఇచ్చేరు.

కన్నాలు చక్కగా పడ్డాయి. బోల్టులే దిగవు! సుత్తితో కొట్టినా దిగవు. అప్పుడు చూశాను, చుట్టూ నిజంగానే గొట్టం. మరి ఇది ఎనిమిదా, పన్నెండా? బుర్ర తిరిగింది. మళ్లీ షాపుకి వెళ్లాను గానీ, పన్నెండు అడగడానికి మొహం చెల్లలేదు. "పద్నాలుగివ్వండి," అన్నాను. ఆయన ఏదో అనబోయి, నా మొహం చూసి పద్నాలుగే ఇచ్చేరు.

పద్నాలుగు కన్నంలోకి బోల్టు హాయిగా వెళ్లింది. హాయిగా బయటికీ వచ్చింది! బిగిద్దామంటే గొట్టంతో సహా తిరుగుతోంది. టైమేమో నాలుగున్నర. కాగితం ముక్కలు కుక్కి ఫ్యాను తగిలించాను. నిలబడింది!

కూటం మొదలైంది. గాలి బ్రహ్మాండం. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉంటే నేనొక్కణ్ణే ఫ్యాను వంక చూస్తున్నాను. ఒక బోల్టు మెల్లగా బయటికొచ్చింది. దాని వెనకే రెండోది. కింద మా అత్తగారు!

ఒక్క ఉదుటున లేచి రెండు చేతులతో ఫ్యానుని గోడకి నొక్కి పట్టేశాను. స్విచ్చేమో అవతలి గోడకి. కేకేద్దామంటే ప్రార్థన. పావుగంట! చేతులు తిమ్మిరెక్కి, కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి.

పాస్టర్ గారు ఆమెన్ అని కళ్లు తెరిచేరు. ప్రార్థనకని కళ్లజోడు తీసేసేరు, అది లేకపోతే ఆయనకి సరిగ్గా ఆనదు.

"చూడండమ్మా! మన మాస్టారు రెండు చేతులూ ఎత్తి ఎంత కన్నీటితో ప్రార్థించేరో! ఇంకా దించడం లేదు!"

"దించుతానండి," అన్నాను, "ముందెవరైనా పుణ్యం కట్టుకుని ఆ స్విచ్చాపండి!"